రెండో చేప

శనివారం పొద్దున హెల్మి కొట్టు ముందు మంచు ఎత్తిపోయడం ఇంకా పూర్తికానేలేదు, అర్వో బకెట్టు పట్టుకుని దిగాడు. కాలేజీ ఐస్‌హాకీ రింకులో మంచు చదునుచేసే బండి నడిపేది ఈ అర్వోనే. ఆట జరిగిన మర్నాడు వాడు రావడం మామూలే. విసిరిన చేప పిల్లికి పెట్టాననో, పిల్లి మూతి తిప్పుకుందనో ఏదో ఒకటి చెప్పి, కాఫీ తాగి పోతాడు. ఇవాళ కాఫీ వద్దన్నాడు. బకెట్టు బల్ల మీద పెట్టి, "రెండూ నీ కొట్టు చేపలే. చూసుకో," అన్నాడు.

నిన్నటి గొడవ హెల్మికి తెలుసు. రెడ్‌స్టోన్‌లో తెలియనివాళ్ళంటూ ఉంటే కుక్కలూ పిల్లులే అయ్యుండాలి, వాటి సంగతీ అనుమానమే.

మనవాళ్ళు మొదటి గోలు కొట్టగానే బ్యాండు పిల్లల్లో ఒకరు మంచు మీదికి ఒక చేప విసరాలి. ఎందుకయ్యా అంటే ఒక్కడూ సరిగ్గా చెప్పలేడు. రాగి గనులు మూతపడకముందు నుంచీ ఉన్న ఆచారం, అంతే. చేప ఊరిది, చెయ్యి కాలేజీది. శుక్రవారం మధ్యాహ్నం చీటీలో పేరొచ్చిన పిల్లో పిల్లాడో కొండ దిగి వచ్చి, "చేపలమ్మా, ఇవాళ నా వంతు," అని నిలబడితే, హెల్మి ఒక మెత్తటి చేపను ఏరుతుంది. రెక్కలూ తోకా కత్తిరిస్తుంది, ఆడేవాళ్ళకు గీరుకోకుండా. మూతి దారంతో కుడుతుంది. కడుపు మాత్రం కొయ్యదు, కోస్తే మంచంతా ఖరాబవుతుంది. ఆ కాసేపట్లో వాళ్ళ పరీక్షలూ, ప్రేమలూ, హాస్టలు తిండి మీద శాపనార్థాలూ అన్నీ ఆమె చెవిన పడతాయి. ఆ చేపే లేకపోతే కొండ మీది పిల్లలకూ కింది ఊరికీ ఏం సంబంధం? వాళ్ళు వీధిలో ఎదురైతే ఊరివాళ్ళు పక్కకు తప్పుకుంటారు, వీళ్ళను చూస్తే వాళ్ళూ అంతే. శుక్ర శనివారాలు మాత్రం రెండు వేల మందీ ఒకే కప్పు కింద ఒకే బిళ్ళ వంక చూస్తూ గొంతులు చించుకుంటారు.

నిన్న వంతు రెనాటాది. డెట్రాయిట్ పిల్ల, బ్యాండులో పెద్ద డప్పు కొడుతుంది, ఈ వేసవికి చదువైపోతుంది. సరస్సు అవతలి ఒడ్డు కాలేజీతో ఆట. మొదటి భాగంలోనే మనవాళ్ళు బిళ్ళను వలలోకి తోశారు, రెనాటా చేప విసిరింది. విసిరాక రెఫరీ చేతులు ఊపి ఆ గోలు చెల్లదన్నాడు. గోలు పోయింది, చేపా పోయింది. పైగా ఇంకోసారి మంచు మీద ఏది పడ్డా మనవాణ్ణొకణ్ణి రెండు నిమిషాలు బయట కూర్చోబెడతామని మైకులో చెప్పారు. చివరి భాగంలో, ఏడు నిమిషాలుందనగా, నిజం గోలు పడింది. హాలంతా లేచి నిలబడి అరుస్తుండగా బ్యాండు మూల నుంచి రెండో చేప ఎగిరొచ్చి వల ముందు పడింది. మనవాణ్ణి బయట కూర్చోబెట్టారు. ఆ రెండు నిమిషాల్లోనే వాళ్ళు సమం చేశారు, తర్వాత అదనపు ఆటలో గెలిచారు. మొదటిది విసిరిన పిల్లే రెండోదీ విసిరిందని, కాపలా మనిషి అందరి ముందూ రెనాటాను రెక్కపట్టి మెట్ల మీదుగా ఈడ్చుకుపోయాడు. హెల్మి ఇదేదీ కళ్ళారా చూడలేదు. శుక్రవారాలు మెట్ల కింద చర్చి ఆడవాళ్ళ కాఫీ బల్ల దగ్గర ఆమె వంతు.

"నేను ఒకటే తెచ్చాను అంటోంది ఆ పిల్ల," అన్నాడు అర్వో. "కాలేజీవాళ్ళేమో రెండు తెచ్చిందంటున్నారు. మంగళవారం విచారణ. అందాకా బ్యాండు మొత్తానికి రింకులో అడుగుపెట్టే యోగం లేదు."

హెల్మి మొదటి చేపను తిప్పి చూసింది. రెక్కల్లేవు, మూతికి తన తెల్లదారం. రెండోదాన్ని తిప్పింది. రెక్కలున్నాయి, తోకుంది. కడుపు కోసి శుభ్రం చేసి ఉంది. ఆ కోత తోక దగ్గర మొదలై తల వైపు వెళ్ళింది, ఎడమచేతి కోత, చివర కొంచెం వంకర. ఎన్నో ఏళ్ళుగా తన వంటింట్లో చూస్తున్న కోత అది. మంచు తోసే లారీ గొలుసుల్లో కుడిచేతి వేళ్ళు రెండు పోయాక మొగుడు యాల్మర్ చేపను అలాగే కోస్తాడు. ఊళ్ళో ఇంకెవరూ అలా కొయ్యరు.

"నా చేపల్లాగే ఉన్నాయి," అంది. అబద్ధం కాదు. నిజం మొత్తమూ కాదు.

బకెట్టు అక్కడే వదిలి అర్వో పోగానే తలుపుకు గొళ్ళెం పెట్టి ఇంటి వెనక్కి వెళ్ళి మంచుపెట్టె మూత ఎత్తింది. ఆదివారం పులుసు కోసం దాచినవి ఏడు. ఉన్నవి ఆరు. అప్పుడు ఇంకొకటి తట్టి ఆమెకు వొళ్ళు మండిపోయింది. ఎన్నేళ్ళుగానో శుక్రవారం ఒక చేప తగ్గుతుంది, శనివారానికి మళ్ళీ లెక్క సరిపోతుంది. వచ్చిన చేపకు తడిసిన ఉన్ని కోటు వాసన. తన ముక్కే ముసలిదైపోయిందని ఊరుకుంది ఇన్నాళ్ళూ. ఆ మనిషి కోటు లోపల చేప పెట్టుకుని ఆటకు పోతున్నాడన్నమాట! పిల్లలు తేవడం మరిచిపోతే ఆచారం తప్పకుండా, ఎందుకైనా మంచిదని.

ఆ సాయంత్రం శనివారం ఆటకు ఇద్దరూ వెళ్ళారు. వాళ్ళ కుర్చీలు ఊరివాళ్ళ వైపు చిట్టచివర. పక్కన ఒక ఇనుప కమ్మీ, దాని అవతల బ్యాండు మెట్లు. ఆ మెట్లు ఖాళీగా ఉన్నాయి. మిగతా విద్యార్థులు కూడా, మా వాళ్ళు లేని చోటికి మేమెందుకని, రాలేదు. రొట్టెల కొట్టు విల్హో అయితే పొద్దుటే తన తలుపుకు "కాలేజీవాళ్ళకు రొట్టె లేదు" అని అట్టముక్క తగిలించాడు. ఇప్పుడు గంట పట్టుకుని ముందువరసలో నిలబడి, ఇవాళ చూపిస్తాం ఊరి సత్తా, అని వాయించడం మొదలుపెట్టాడు. అయిదు నిమిషాలకే చెయ్యి దించాడు. అంత హాల్లో ఒక్క గంట మోత వాడికే సిగ్గనిపించినట్టుంది. ఆటగాళ్ళ కత్తిచెప్పులు మంచును గీరే చప్పుడు పైవరస దాకా వినిపించింది. ఎవరో దగ్గితే అందరూ అటు తిరిగారు. మనవాళ్ళు నాలుగు గోల్స్ తేడాతో ఓడారు. యాల్మర్ ఆట మొత్తం తన బూట్ల వంకే చూస్తూ కూర్చున్నాడు, తేలు కుట్టిన దొంగలా. హెల్మి ఏమీ అడగలేదు. అడిగితే అక్కడే అరుస్తానని భయపడింది.

ఆదివారం సౌనాలో అడిగింది. ఆటలున్న వారం వాళ్ళ శనివారం ఆవిరిస్నానం ఆదివారానికి జరుగుతుంది. చెక్కగదిలో పైబల్ల మీద ఆయన, కింది బల్ల మీద ఆమె. కాలిన రాళ్ళ మీద ఒక చెంబుడు నీళ్ళు కొట్టి, ఆవిరి లేచాక, "చేప ఎందుకు విసిరావు?" అంది.

వినపడలేదన్నాడు. లారీ ఇంజను ముప్పై ఏళ్ళు చెవిలో పెట్టుకున్న మనిషి. నిజంగా వినపడలేదో, వినకూడదనుకున్నాడో దేవుడికెరుక. ఆమె గొంతు పెంచి మళ్ళీ అడిగింది. పక్కింటివాళ్ళు విన్నా సరేననుకుంది.

యాల్మర్ అప్పుడు అంతా చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. గోలు పడింది, అందరూ లేచారు. పిల్లల దగ్గర చేప లేదు. చేప లేని మొదటి గోలు తన జన్మలో చూడలేదు. చెయ్యి దానంతటదే కోటులోకి పోయింది. మైకులో ఏదో వాగారు గానీ, మైకు మాట తనకెప్పుడు అర్థమైంది గనక.

"సరే, విసిరావు. ఆ పిల్లను లాక్కుపోతుంటే చూశావా?"

"చూశాను."

"నీ పక్కనుంచేగా పోయింది?"

"నా మోకాలు తగిలింది ఆమెకు." ఆయన రెండు చేతుల్తో మొహం తుడుచుకున్నాడు. "తల వంచుకున్నాను. అందరూ తిడుతున్నారు, ఎవడో వెధవ ఆట పోగొట్టాడని. నోరు రాలేదు."

మంగళవారం వెళ్ళి చెప్పమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ముప్పై ఏళ్ళు ఈ ఊరి రోడ్లు తోశాను, నా పేరు చెబితే గౌరవంగా లేచి నిలబడే మనుషులున్నారు, ముసలితనంలో చేపల పిచ్చోడని పిలిపించుకోమంటావా అన్నాడు. పిల్లలు కుర్రవాళ్ళు, వాళ్ళకివి నాలుగురోజుల్లో మర్చిపోయే సంగతులు, అని కూడా అన్నాడు. ఆ మాటకు హెల్మికి ఎంత కోపం వచ్చిందంటే, చెంబు అక్కడే పడేసి ఒంటిమీద తువాలు చుట్టుకుని మంచులోకి నడిచిపోయింది.

సోమవారం మధ్యాహ్నం రెనాటా కొట్టుకు వచ్చింది. బల్లకు దూరంగా, తలుపు దగ్గరే ఆగిపోయింది. హెల్మి చేపల పొలుసు గీస్తోంది, చేతులు ఆపలేదు. ఆపితే మొహం చూడాలి.

"ఒక్క మాట చెప్పండి చాలు, చేపలమ్మా," అంది పిల్ల. "నాకు ఒకటే ఇచ్చారని. ఇంకేమీ అడగను."

మిగిలినవి రెండే ఆటలు, రెండింటికీ తనను రానివ్వబోమంటున్నారట. అదైనా ఓర్చుకుంటుందట. ఆటకు అడ్డుపడి, ఆపైన అబద్ధమాడిందని ఒక కాగితం రాసి ఆమె చదువు పత్రాలతో కలిపి పెడతారట. ఉద్యోగమిచ్చే కంపెనీ అడిగిన రోజున అదీ వెళ్తుంది. నాన్న కార్ల ఫ్యాక్టరీలో పనిపోయి ఇంట్లో కూర్చున్నాడనీ, ఆ ఉద్యోగం మీదే అందరి ఆశా అనీ చెప్పింది. ఏడవలేదు. చెప్పి, చేతితొడుగులు సర్దుకుంది.

"ఇంతకీ రెండోది ఎవరు విసిరారో నీకు తెలుసా?" అంది హెల్మి.

"తెలీదు. మా మూల నుంచే వచ్చింది. మా వాళ్ళెవరూ కాదు, అందర్నీ అడిగాను." తలుపు పిడి పట్టుకుని, "మీకు తెలుసా?" అంది.

హెల్మి పొలుసు గీసే కత్తిని గుడ్డతో తుడిచింది. తుడిచిందే తుడిచింది. "రేపు వస్తాను. నీకు ఒకటే ఇచ్చానని చెబుతాను," అంది.

పిల్ల వెళ్ళాక పని సాగలేదు. ఒకటే ఇచ్చానంటే సరిపోతుందా? మరి రెండోది ఎక్కడిదంటారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అన్నారా. ముప్పై ఆరేళ్ళ మొగుడు. తాగి ఒక్కరోజు గుమ్మం తొక్కనివాడు. ఆయన పరువు తన నోటితో తీసేయాలి, లేదంటే ఆ పిల్ల బతుక్కి మచ్చ పడటం నోరు మూసుకుని చూడాలి. రాత్రి రెండుసార్లు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. యాల్మర్ నిద్రపోతున్నట్టు నటిస్తున్నాడని ఊపిరిని బట్టి తెలుస్తూనే ఉంది.

మంగళవారం కొండ మీద డీన్ ప్రెస్కాట్ గదిలో పొడుగుబల్ల చుట్టూ అయిదుగురు కూర్చున్నారు. కాలేజీవాళ్ళు ముగ్గురు, ఊరి తరపున రొట్టెల విల్హో, చివరన ఒంటరిగా రెనాటా. విల్హోకు ఊరిపెద్దనన్న గర్వం మొహంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. క్రమశిక్షణ లేని పిల్లల గురించి చాలాసేపు చెప్పాడు. డీన్ కూడా ఈ విషయం చాలా తీవ్రమైనదని, ఊరికీ కాలేజీకీ మధ్య నమ్మకం దెబ్బతిందని, ఉదాసీనంగా ఉండలేమని అన్నాడు.

హెల్మి కూర్చోలేదు. సంచిలోంచి రెండు కాగితపు పొట్లాలు తీసి ఆ నున్నటి బల్ల మీద విప్పింది. నాలుగు రోజుల చేపలు. కాలేజీవాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

"ఇది నేను ఈ పిల్లకిచ్చింది. రెక్కలు కోసింది నేనే, కుట్టింది నేనే. ఒకటే ఇచ్చాను. రెండోది మా ఇంటి మంచుపెట్టెలోది. కోసింది మా ఆయన. విసిరిందీ ఆయనే." ఒక్క గుక్కలో అనేసింది. ఇక ఊళ్ళో తలెత్తుకోలేమని తెలిసే అంది.

విల్హో పకపకా నవ్వాడు. "మన యాల్మరా! ముసలోడికి ఇంకా ఉడుకు చల్లారలేదన్నమాట!" ఆ నవ్వు బల్ల చుట్టూ తిరిగింది. డీన్ కుర్చీలో వెనక్కి వాలాడు. ముప్పై ఏళ్ళు తెల్లారకముందే కాలేజీ రోడ్డు తోసిన మనిషని, ఆట మీద ఆ అభిమానం చూస్తే ముచ్చటేస్తుందని, ఇంత చిన్నదానికి రాద్ధాంతమెందుకని అన్నాడు. ఫైలు మూశాడు. పెద్ద భారం దిగిపోయినట్టు అందరి మొహాలూ విప్పారాయి. ఎవరో హెల్మికి కాఫీ పొయ్యబోయారు కూడా.

రెనాటా నవ్వలేదు. "నేనైతే రెండు ఆటలు, ఒక కాగితం," అంది డీన్‌తో, చాలా మెల్లగా. "ఆయనైతే ఏమీ లేదా?"

ఆయన పెద్దవాడమ్మా అన్నాడు డీన్. నీ సంగతి తేలిపోయింది కదా, సంతోషంగా వెళ్ళు, అని కూడా అన్నాడు. పిల్ల కోటు తీసుకుని వెళ్ళిపోయింది. పోతూ హెల్మి వంక చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంది గానీ, అదొక్కటే కాదు. మొగుడి పరువు పోతుందని హెల్మి హడలిపోయి వచ్చింది. తీరా పోయింది ఈ పిల్ల మర్యాదే. తను కూడా ఆ గదిలో ఊరి మనిషిగానే నిలబడి ఉంది, నోరు మూసుకుని.

ఇంటికొచ్చి యాల్మర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పింది. "నవ్వారు. నీకేమీ లేదు. ముచ్చటేసిందట."

ఆయన బతికిపోయానంటాడనుకుంది. అనలేదు. ఏలకుల రొట్టె ముక్క కాఫీలో ముంచినది ముంచినట్టే పట్టుకుని కూర్చున్నాడు. అది నాని కప్పులో పడిపోయింది. "ఆ పిల్ల ఎదురుగానే నవ్వారా?" అని మాత్రం అడిగాడు. ఎదురుగానే అంది హెల్మి.

శుక్రవారం ఆమె కాఫీ బల్ల వంతు ఇంకొకరికి మార్పించుకుంది. ఇద్దరూ ఎప్పటిలాగే నడిచి రింకుకు వెళ్ళారు. గుమ్మం దగ్గర యాల్మర్ ఆగిపోయాడు. నువ్వెళ్ళు, నేను రాను, అన్నాడు. ఆ పిల్లకు వెయ్యబోయిన రెండు ఆటల శిక్షకు నేను బయట నిలబడతాను, అన్నాడు. జేబులోంచి చిన్న రేడియో తీసి గోడవార నిలబడ్డాడు. సున్నాకు పదిహేను డిగ్రీలు కింద ఉంది చలి. హెల్మి బతిమాలింది, తిట్టింది, చివరికి లోపలికి పోయింది.

లోపల బ్యాండు తిరిగి వచ్చింది. కమ్మీ అవతల డప్పులు దద్దరిల్లుతున్నాయి, కానీ ఊరివైపు నుంచి ఎవరూ జవాబివ్వడం లేదు. యాల్మర్ ఏడని ముందువరస విల్హో అడిగితే హెల్మి దాచలేదు. బయట శిక్ష అనుభవిస్తున్నాడంది. ఆ మాట వరసలు దాటి, కమ్మీ దాటి పోయింది. నోట్లో నువ్వుగింజ నానుతుందా ఈ ఊళ్ళో! మొదటి విరామంలో నలుగురైదుగురు మగాళ్ళు వెళ్ళి భుజాలు తట్టి పిలిచారట. రానన్నాడట. వాళ్ళు అదీ ఒక వేడుకలా చెప్పుకుంటూ తిరిగొచ్చారు.

రెండో విరామంలో రెనాటా డప్పు కర్రలు పక్కవాడికిచ్చి లేచింది. హెల్మి చూసి వెనకాలే వెళ్ళింది. గోడవార యాల్మర్ మీసాలు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. పిల్లను చూడగానే టోపీ తీశాడు.

"నిన్ను లాక్కుపోతుంటే చూశానమ్మా," అన్నాడు. "నోరెత్తలేదు. నాదే తప్పు."

"ఆ సంగతి నాకు ఇక్కడ చెబితే ఏం లాభం?" అంది రెనాటా. "బయట చలిలో నిలబడితే మీకు తృప్తి, మీ వాళ్ళకు ముచ్చట. నన్ను లాక్కుపోయింది అందరి ముందూ. మెట్ల మీద నుంచి."

యాల్మర్ సరిగ్గా వినపడనట్టు చెయ్యి చెవికి పెట్టుకున్నాడు. ఆమె మళ్ళీ చెప్పలేదు. తలుపు తీసి పట్టుకుంది. ఆయన ఒక నిమిషం నిలబడి, రేడియో కట్టేసి, ఆమె వెనక నడిచాడు.

మూడో భాగానికి అందరూ కూర్చుంటున్నారు. మెట్ల మీద ఆ కాపలా మనిషే ఉన్నాడు. యాల్మర్ కమ్మీకి ఇటు తిరగకుండా బ్యాండు వైపు ఎక్కుతుంటే, మీ కుర్చీ అటుగదా అని ఆపాడు. యాల్మర్ వాడి చేతిని మెల్లగా తప్పించి హాలు వైపు తిరిగాడు. చెవిటివాళ్ళ గొంతు ఎంత ఉంటుందో వాళ్ళకు తెలియదు.

"ఆ రోజు రెండో చేప విసిరింది నేను," అన్నాడు. "ఈ పిల్ల కాదు. తెలిసి కూడా నోరు మూసుకున్నాను."

అవతలి గోడ దాకా వినిపించింది. ముప్పై ఆరేళ్ళలో ఆ మనిషి పదిమందిలో నిలబడి ఒక్క మాట మాట్లాడగా హెల్మి ఎరగదు. అంతలో ముందువరసలోంచి విల్హో నవ్వు మొదలైంది, "ఓరి మన యాల్మరూ," అంటూ. డీన్ గదిలో విన్న నవ్వే. పక్కవాడు అందుకున్నాడు. ఊరివైపు వరసలన్నీ కదులుతున్నాయి, ఇంకొక్క క్షణంలో హాలంతా ముచ్చట పడిపోతుంది.

హెల్మి లేచింది. మంచుకు వీపు పెట్టి తనవాళ్ళ వైపు తిరిగింది.

"నవ్వకు విల్హో," అంది. "ఆయన తప్పు ఒప్పుకుంటున్నాడు. విను."

విల్హో నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండి, తర్వాత మూశాడు. నవ్వు వరసలు దిగుతూ దిగుతూ ఆగిపోయింది. అంతమంది ఊరివాళ్ళు ఊరికే కూర్చుని విన్నారు, వినడానికి ఇంకేమీ లేకపోయినా. రెఫరీ బిళ్ళ పట్టుకుని మధ్యలో నిలబడి ఇటే చూస్తున్నాడు.

బ్యాండు మెట్ల మీద ఎవరూ ఆట ముగిసేదాకా కూర్చోరు. యాల్మర్ వాళ్ళ మధ్యకెక్కి, టోపీ చేత్తో పట్టుకుని, నొప్పి మోకాళ్ళ మీద నిలబడ్డాడు. రెనాటా తన కర్రలు తీసుకుంది. ఆయన వంక చూడలేదు. ఒక అడుగు పక్కకు జరిగి చోటిచ్చి, డప్పు వాయించడం మొదలుపెట్టింది.